గూటీ కట్టు

శ్రావణం మొదట్లో పొదలకూరు నిమ్మ నర్సరీలో
రోజుకి నూరు గూటీలు కట్టాలని చెప్పి పనిలో పెట్టుకున్నారు నన్ను.
కత్తి పెంచలమ్మది. సరిగ్గా చెప్పాలంటే
వాళ్లమ్మది. పిడి మాత్రం మూడోది.

"చూపుడువేలంత లావు కొమ్మ చూడు.
ముదురొద్దు, మరీ లేతొద్దు.
చుట్టూతా అంగుళం బెరడు గాజు మాదిరి వొలువు.
లోపల జిగురుంటది, గుడ్డతో తుడిచెయ్.
కొయ్యని మాత్రం గీరబాక."

ఒలిచాను.
కొయ్య తెల్లగా, తడిగా, నాలిక్కి ఆనిస్తే ఏ రుచీ లేకుండా ఉంది.
బెరడు లోపలి పక్క నాకి చూశా.
చేదు. చేదంతా అయిపోయాక
ఎక్కడో వెనకాల, తీపి.

పై ఆకులు వాడిపోతాయనుకున్నా.
అన్నం తినొచ్చి చూశా, సాయంత్రం పోతా పోతా చూశా.
ఆకులకి కబురే అందలేదు.

నీళ్ల దారి కొయ్యలో.
కండలేరు గేట్లెత్తితే నీళ్లు మద్రాసు దాకా పోతాయి గానీ
అవి పల్లాన్ని నమ్ముకుని పోతాయి.
ఇవి ఎగువకి.
రెండింటికి త్రీఫేజు పోయి తోటలో మోటారు ఆగినా
ఆకు అడుగున కంటికానని వాకిళ్లు తెరుచుకునే ఉంటాయి.
ఒక్కో చుక్కా ఎండ పట్టుకుపోతుంటే
పోయే చుక్క కొంగు పట్టుకుని ఇంకో చుక్క,
దాని కొంగు పట్టుకుని ఇంకోటి,
వేరు దాకా ఒకటే దారం.
ఆకు తోడుకుంటుంది.
చేద లేదు, గిలక లేదు, కిర్రుమనే చప్పుడన్నా లేదు.

కూటి దారి వేరే. అది బెరడులో, దిగుడు దారి.
ఆ నీళ్లలోకి గాలిని కలిపి, ఎండ మీద కాచిన పాకం
తొడిమ దాటి, రెమ్మ దాటి, దిగి దిగి
నేనొలిచిన అంగుళం దగ్గర నిలబడిపోయింది.

అక్కడే పెంచలమ్మ తడి నాచు పెట్టి
ప్లాస్టిక్ కాగితం చుట్టి
పురికొస బిగించి, కొస పంటితో తెంపేది.
నలభై రోజులకి
కాగితంలోంచి సేమ్యా పోగుల్లాగా వేళ్లు కనపడ్డాయి.
కిందికి పోలేని కూడు
ఉన్నచోటే కాళ్లు మొలిపించుకుంది.

అన్నిచోట్లా ఇట్టాగే జరుగుతుందనుకోబాకండి.

రాపూరు రోడ్డు మలుపులో హజరత్తయ్య టీ కొట్టు.
పందిరికి ఆసరాగా కానుగచెట్టుకి ఇనప తీగ చుట్టాడు.
తీగ బెరడులోకి మునిగింది.
తీగకి పైన మాను వాచింది. కింద అంతే సన్నం.
మూడేళ్లు నీడనిచ్చింది.
పూసింది కూడా. ఆఖరేడు మరీ విరగబూసి
గిరాకీల గ్లాసుల్లో పూలు రాలాయి.
కింద వేళ్లేమో దాచుకున్నది తింటా, తింటా
నీళ్లంపడం మాత్రం మానలేదు, చేతనైనన్నాళ్లు.

రోహిణి కార్తెలో, ఒక్క వారంలో, ఆకంతా అప్పడం.

"ఎండదెబ్బ" అన్నాడు హజరత్తయ్య.
"మొన్నటి దాకా నిగనిగలాడిందే!"

పెంచలమ్మ గ్లాసు బల్ల మీద పెట్టింది.
తీగ మీద గోటితో కొట్టింది. టింగుమంది.
"పైన పచ్చంగా ఉంటే కింద తిన్నట్టా, అబ్బయా?
నువ్వు దీనికి ఉరేసి మూడేళ్లయింది.
చూడబోతే ఇయ్యాల చూశావు."

అతను కటింగ్ ప్లేరు తెచ్చాడు.
తీగ తెగింది గానీ ఊడి రాలేదు.
చెట్టు దాన్ని ఎప్పుడో తనలో కలిపేసుకుంది.

ఈ ఏడు మళ్లీ శ్రావణం, మళ్లీ అదే కత్తి.
నా చెయ్యి నెమ్మదించింది. అరవై దాటడం లేదు.
మేస్త్రీ అరుస్తున్నాడు.
ఒక పండుటాకు ఒళ్లో పడింది.
నిమ్మాకుకి తొడిమ కాడ కీలుంటుంది.
రాలే ముందు తన దగ్గరున్నదంతా కొమ్మకి అప్పజెప్పి
తలుపు దగ్గరగా వేసి మరీ దిగుతుంది.
ఎండకి ఎత్తి చూశా.
కోతలయ్యాక పంట కాలవల్లా ఈనెలన్నీ ఖాళీ.

పురికొస పళ్ల మధ్య పెట్టుకునే పెంచలమ్మ అడిగింది:
"ఎన్నయినాయి మే?"